పాత మిషన్‌కు నాలుగు డయోడ్లు

ఎమ్మిగనూరు అనగానే మగ్గం గుర్తొస్తుంది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఊరు ఇది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మగ్గానికి దక్కిన పేరు ఇక్కడి ఇనుప పనికి దక్కలేదు. చుట్టుపక్కల పల్లెల్లో గొర్రు, గుంటక, దంతె విరిగితే తెచ్చేది ఈ ఊరి వెల్డింగ్ షెడ్లకే. ట్రాక్టర్ ట్రాలీ కొక్కెం పగిలినా, కొత్తింటికి గేటు కావాలన్నా అంతే. ఇంటి పక్కన నాలుగు రేకులు దించి, ఒక వెల్డింగ్ మిషన్, ఒక గ్రైండర్, ఒక డ్రిల్లు పెట్టుకుని బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

అలాంటి ఒక షెడ్డులో మామకూ మేనల్లుడికీ నడిచిన వాదన ఇది. మామకు అరవై దాటాయి. అతని దగ్గరున్నది రాగి చుట్టిన ఆయిల్ మిషన్. రెండు ఫేజుల మీద 415 వోల్ట్‌లు తీసుకుని, రాడ్డు దగ్గర 72 వోల్ట్‌లు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్. అల్లుడు ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్. పాతదాన్ని వదలనిది పెద్దాయన, కొత్తది కొనమనేది కుర్రాడు అనుకుంటాం. ఇక్కడ తిరగబడింది. మామ ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ కొంటానంటాడు. అల్లుడు పాత మిషన్‌నే మన చేతుల్తో డీసీకి మారుద్దామంటాడు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

అల్లుడు: ఈ మిషన్‌కు ఏం తక్కువ మామా? రాగి వైండింగ్. ఈ పొద్దు ఇట్లాంటిది చుట్టించల్లంటే రాగి ఖరీదు వింటేనే గుండె జారుతాది. నాలుగు డయోడ్లు, ఒక చోక్, ఒక ఫ్యాను పెడితే డీసీ వస్తాది.

మామ: తక్కువేం లేదప్పా, ఎక్కువే ఉండాది. బరువు. నందవరం పక్కన ఏదో పల్లెలో గేటు బిగించల్లంటే దీన్ని ఆటోలోకి ఎక్కించేకి నలుగురు కావల్ల. ఇన్వర్టరైతే టీవీఎస్ బండికి ముందర పెట్టుకుని పోతా.

అల్లుడు: బయటి పని నీకు ఎంత ఉంటాది? పనంతా షెడ్డులోనే గదా.

మామ: మోసుకుపోలేకనే గదా షెడ్డులో కూర్చున్నా! బయటి పనంతా ఇన్వర్టర్ ఉన్న పిల్లోళ్లు ఎత్తుకుపోతాండారు.

దీనికి అల్లుడి దగ్గర జవాబు లేదు. నా మటుకు నాకు మామ వైపు అన్నిటికంటే గట్టి మాట ఇదే. మిషన్ ఎంత బాగా పనిచేస్తుందన్నది ఒక లెక్క; అది ఎక్కడిదాకా రాగలదన్నది ఇంకో లెక్క. కాకపోతే అల్లుడు ఆలోచిస్తున్నది షెడ్డులో జరిగే పని గురించి.

మామ: సరే, డీసీ వస్తే నాకొచ్చేదేమి? చెప్పు.

అల్లుడు: ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తాది. వచ్చినప్పుడల్లా ఆర్క్ ఆరి మళ్లీ అంటుకోవల్ల. నువ్వు 10 గేజి రాడ్డుతో మందం పట్టీ అతికేటప్పుడు ఆ సంగతి తెలీదు. 12 గేజి పెట్టి, కరెంటు తగ్గించి, పల్చటి రేకు పట్టు. రాడ్డు అతుక్కుంటాది, గుంజితే పూత రాలిపోతాది. డీసీలో ఆర్క్ నిలకడగా ఉంటాది. రాడ్డును మైనస్‌కు పెడితే రేకులోకి వేడి దిగేది తగ్గి బొక్క పడదు. ప్లస్‌కు పెడితే లోపలికి దిగుతాది. ఆ రెండూ నీ చేతిలో ఉంటాయి.

మామ: ఇన్నేండ్లు ఏసీలోనే కిటికీలు చేసినా గదా.

అల్లుడు: చేసినావు. నీ చెయ్యి అట్లాంటిది. అదీగాక రాడ్డు పూత నీకు సాయం చేసింది.

ఈ ముక్క దగ్గర కాస్త ఆగాలి. ఒట్టి ఇనుప తీగతో ఏసీ మీద ఆర్క్ నిలబడడం చాలా కష్టం. రాడ్డుకు పూత పూసే పద్ధతిని స్వీడన్‌కు చెందిన ఆస్కార్ చెల్‌బెర్గ్ తెచ్చాడు; 1904లో ఆయన పెట్టిన కంపెనీయే ఎసాబ్. మన దేశంలో 1951లో అద్వానీ–ఆర్లికాన్ మొదలై రాడ్లను షెడ్డు షెడ్డుకూ చేర్చింది. మన వెల్డర్లు రోజూ వాడే 6013 రాడ్డు పూతలో టైటానియం ఖనిజం రూటైల్ ఉంటుంది, దానితోపాటు పొటాషియం లవణాలు ఉంటాయి. పొటాషియం ఆవిరి తేలికగా విద్యుత్తును మోస్తుంది కాబట్టి, కరెంటు సున్నాకు వచ్చి పోయిన ప్రతిసారీ ఆర్క్ మళ్లీ అంటుకుంటుంది. అంటే మిషన్ చేయలేని పనిని రాడ్డు చేస్తోంది. మామ అన్నేళ్లు ఏసీతో నెట్టుకురావడం వెనుక ఉన్నది ఇదే.

మామ: రేకు సంగతి ఒప్పుకున్నా. ట్రాలీ కొక్కేనికి ఏం చేస్తావు? ఆ పగులు నేను పూడ్చినా మళ్లీ పక్కనే లేస్తాంది.

అల్లుడు: దానికే 7018 వాడల్ల. 6013తో పూడ్చిన అతుకులోకి హైడ్రోజన్ ఎక్కువ చేరుతాది. గట్టి ఉక్కులో అది పగులు తెస్తాది. 7018కి డీసీ కావల్ల, రాడ్డు ప్లస్‌కు.

మామ: ప్యాకెట్ మీద ఏసీ అని కూడా రాసుండాది. 70 వోల్ట్‌లు అని. మన మిషన్ 72 ఇస్తాది. మరి?

అల్లుడు: 415 ఉన్నప్పుడు 72. సాయంత్రం మోటార్లన్నీ పడినాక లైను 380కి దిగితే 66కు వస్తాది. అప్పుడు 7018 పట్టి చూడు, ముట్టించడమే పెద్ద పని.

మామ: పగలు చేసుకుంటా.

అల్లుడు: నవ్వులాట కాదు మామా.

మామ: నేను నవ్వడంల్యా. ఇంకొకటి అడుగుతా. ఆ 7018 రాడ్లు ప్యాకెట్ చింపి ఆ గూట్లో పడేస్తే తేమ పట్టదా? మిషన్ మార్చి రాడ్డు తడిగా పెడితే ఏమొచ్చె?

ఈ ప్రశ్న విన్నాక మామను ఒట్టి మొండివాడని ఎవరూ అనలేరు. 7018 పూత గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన రాడ్డుతో వేస్తే, ఏ హైడ్రోజన్‌ను తప్పించుకోవడానికి దాన్ని కొన్నామో అదే అతుకులోకి చేరుతుంది. తయారీదారులు సాధారణంగా 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంట రెండు గంటలు కాల్చి వాడమంటారు. చిన్న షెడ్డులో అలాంటి ఓవెన్ ఉండదు. చిన్న ప్యాకెట్లు కొని, చింపింది ఆ రోజే వాడేయడం దగ్గరి దారి. కొక్కెం పగులును పైపైన పూడ్చకుండా, గ్రైండర్‌తో పగులు కొస కనపడేదాకా తొలిచి, ఆ భాగాన్ని వేడిచేసి, అప్పుడు నింపాలి. ఇవేవీ మిషన్ మారిస్తే వచ్చేవి కావు. అల్లుడు ఈ మాటలు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, ఈ పద్ధతులన్నీ పాటించాక ఆర్క్ కూడా నిలకడగా ఉండాలి కదా అన్నాడు. అదీ నిజమే.

మామ: పెట్టేది ఎట్లనో చెప్పు. ఆదోనికి పోయి ఫోన్లో చెప్తే నాకు అర్థం కాదు.

అల్లుడు: సెకండరీ రెండు వైర్లు నాలుగు డయోడ్ల బ్రిడ్జికి పోతాయి. అక్కడి నుంచి ప్లస్, మైనస్. 80 వోల్ట్‌ల ఏసీ కూడా కొసన 113 దాకా పోతాది, మీద ఆర్క్ తెగినప్పుడు వచ్చే కుదుపులు. అందుకని 600 వోల్ట్‌లకు తక్కువ డయోడ్ పెట్టను. 150 ఆంపియర్లకు ఒక్కో డయోడ్ సగటున 75 మోస్తాది. నేను 200ది పెడతా.

మామ: వేడి?

అల్లుడు: కరెంటు ఎప్పుడూ రెండు డయోడ్లలో నుంచి పోతాది. ఒక్కోదానికి 1.2 వోల్ట్ పోయినా 150 ఆంపియర్ల కాడ 360 వాట్లు. ఇంట్లో ఇస్త్రీపెట్టెకు సగం వేడి. అల్యూమినియం హీట్ సింక్, దాని మీదికి ఫ్యాను. ఫ్యాను ఆగితే మిషన్ ఆగేటట్టు ఒక థర్మల్ స్విచ్.

మామ: అంతేనా? అయితే చోక్ ఏమిటికి?

చోక్ గురించి చాలామంది తప్పుగా చెబుతారు కాబట్టి నేనే రాస్తాను. డయోడ్లు మాత్రమే పెడితే కరెంటు దిక్కు మారడం ఆగుతుంది. సున్నాకు రావడం మాత్రం ఆగదు. ఆర్క్ గరగరలాడుతూనే ఉంటుంది. ఆ పల్లాల మీదుగా కరెంటును దాటించేది చోక్. ఇనుప కోరు చుట్టూ మందం కేబుల్ కొన్ని చుట్లు, అంతే. అయితే ఆ కోరులో సందు వదలాలి. గుజిరీ అంగడిలో దొరికిన పాత ట్రాన్స్‌ఫార్మర్ పట్టీలను సందు లేకుండా పేరిస్తే, ఒకే దిక్కున పోయే కరెంటుకు ఇనుము పూర్తిగా నిండిపోయి చోక్ ఉన్నా లేనట్టే. లెక్క చూడండి. 30 చుట్లలో 150 ఆంపియర్లు పోతుంటే, మొత్తం 6 మిల్లీమీటర్ల సందు ఉన్నప్పుడు అయస్కాంత సాంద్రత సుమారు 0.95 టెస్లా. అదే సందు 2 మిల్లీమీటర్లయితే లెక్క ప్రకారం 2.8 కావాలి, కానీ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము 2 దగ్గరే నిండిపోతుంది. సందులో ప్రెస్‌పాన్ అట్ట ముక్కలు పేర్చి, పట్టీలు కదలకుండా బోల్టులతో బిగించాలి. బిగింపు వదులైతే మిషన్ వేసిన ప్రతిసారీ చోక్ మోగుతుంది. ఈ మొత్తం మార్పులో చేతిపని అంటూ ఉన్నది ఇక్కడే. మిగతాది కొనుక్కొచ్చి బిగించడమే.

కొందరు చోక్ బదులు పెద్ద కెపాసిటర్లు పెడతారు. వెల్డింగ్ ఆపాక కూడా వాటిలో కరెంటు నిలిచి ఉంటుంది. రాడ్డు తాకించగానే అంతా ఒక్కసారిగా దిగి నిప్పులు చిమ్ముతుంది. అల్లుడు వాటిని దగ్గరికి రానివ్వనన్నాడు. పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో వెల్డింగ్ మిషన్ చేసే వీడియోల గురించి కూడా అతను గట్టిగా చెప్పాడు. దాని సెకండరీలో దాదాపు 2,000 వోల్ట్‌లు ఉంటాయి, తాకితే రెండో అవకాశం ఉండదని. ఆ మాట ప్రతి ఐటీఐ పిల్లవాడూ వినాలి.

మామ: డీసీలో మూలల కాడ ఆర్క్ ఒకపక్కకు గుంజుకుపోతాదంట గదా.

అల్లుడు: పోతాది. కరెంటు ఒకే దిక్కున పోతే చుట్టూ అయస్కాంతం నిలబడి ఆర్క్‌ను తోస్తాది. ఎర్త్ క్లాంపు పక్కకు మార్చి చూడల్ల. అప్పటికీ ఆగకపోతే ఏసీకి మారల్ల. అందుకే ఏసీ బోల్టులు పీకను. రెండూ ఉంటాయి. నీ ఇన్వర్టర్‌లో ఏసీ ఉంటాదా?

మామ: మామూలుదాంట్లో ఉండదు.

అల్లుడు: చూసినావా!

మామ: చూసినా. కరెంటు బిల్లు సంగతి చెప్పు. ఇన్వర్టర్ సగం తింటాదంట.

అల్లుడు: సగం, పావు అని అంగట్లో చెప్పేది నమ్మొద్దు. లెక్క వేద్దాం. 120 ఆంపియర్ల కాడ ఆర్క్‌కు 25 వోల్ట్‌లు కావల్ల. అంటే 3 కిలోవాట్లు. ఏ మిషన్‌తో చేసినా ఆర్క్ తినేది అంతే.

మామ: మరి తేడా యాడుంది?

అల్లుడు: లైను మీద. మన మిషన్ సుమారు 70 వోల్ట్‌ల చొప్పున 120 ఆంపియర్లు గుంజుతాది కాబట్టి 8.4 కేవీఏ. 415 మీద 20 ఆంపియర్లు. పని జరిగేది 3, వైండింగ్ వేడితో కలిపి 3.5 కిలోవాట్లు. మిగతాది ఊరికే లైన్లో తిరుగుతాది. ఇన్వర్టర్ 5 కేవీఏతో ఆ పని చేస్తాది. అయితే 230 మీద అది కూడా 22 ఆంపియర్లే. నీ ఇంటి లైను రెండున్నర వైరు. అది తట్టుకోదు.

మామ: కొత్త వైరు లాగుతా.

అల్లుడు: లాగు. నేను కూడా మన మిషన్‌కు ప్రైమరీ పక్క 5 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే 8.4 కాస్తా నాలుగున్నర లోపలికి వస్తాది. అయితే అది మిషన్ స్విచ్‌తోపాటే పడి లేవల్ల, ఆపినాక ఖాళీ అయ్యేకి రెసిస్టర్ ఉండల్ల.

విద్యుత్ సంస్థ ఎస్పీడీసీఎల్ ఇచ్చిన కనెక్షన్‌లో వెల్డింగ్ లోడ్ ఎంత రాయించారన్నది కూడా ఇక్కడే తేలాలి. ఇంటి మీటరు మీద చాటుగా వెల్డింగ్ నడిపితే పక్కింటి బల్బు మినుకుమంటుంది. స్తంభం మీద కొక్కెం వేసి లాగితే ప్రాణాలు పోతాయి. ఇందులో మామా అల్లుళ్లకు తేడా లేదు.

తేడా మళ్లీ వచ్చింది షాకు దగ్గర. వాదన బరువెక్కింది కూడా ఇక్కడే.

మామ: ఎండాకాలం చొక్కా తడిసి ముద్దవుతాది. వానకాలం కాళ్ల కింద బురద. రాడ్డు మార్చేటప్పుడు ఈ మిషన్ చానాసార్లు కొట్టింది నన్ను. నీ డయోడ్లు దాన్ని తగ్గిస్తాయా?

అల్లుడు: తగ్గించవు.

మామ: మంచి ఇన్వర్టర్‌లో రాడ్డు తాకనప్పుడు వోల్టేజీ కిందికి దించే ఏర్పాటు ఉంటాది. నేను అడిగి తెలుసుకున్నా. నువ్వు ఈఎల్‌సీబీ పెడతా అంటావేమో.

అల్లుడు: పెడతా. కానీ అది ప్రైమరీ పక్కన లీకైతేనే పడిపోతాది. సెకండరీలో నీకు తగిలిన షాకు దానికి కనపడదు, నడుమ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాది గదా.

అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60974 కూడా మామ భయాన్నే చెబుతుంది. మామూలు చోట ఏసీ మిషన్ ఖాళీ వోల్టేజీ 80 దాటకూడదు. తడి, ఇరుకు, చుట్టూ ఇనుము ఉన్న చోట 48 దాటకూడదు. డీసీకి రెండు చోట్లా 113 కొస దాకా సరే అంటుంది, ఎందుకంటే నునుపైన డీసీ మనిషి గుండెకు ఏసీ అంత ప్రమాదకరం కాదు. ఈ వెసులుబాటును అల్లుడు తనకు అనుకూలంగా వాడుకోవచ్చు. వాడుకోలేదు. ఇంట్లో చుట్టిన చోక్ తర్వాత వచ్చేది అంత నునుపైన డీసీ కాదని అతనికి తెలుసు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అల్లుడు: డయోడ్ల కంటే ముందు చేయల్సింది వేరే ఉండాది మామా. ఈ ట్యాంకుకు ఎర్త్ యాడుంది చూపించు.

మామ: ఆ మూల పాతినాం గదా.

అల్లుడు: నల్లరేగడి నేల. ఎండలకు బీటలు వారి పైపును వదిలేసుంటాది. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసి ఎన్నాళ్లయింది? ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది? మూత తీస్తే నల్లగా ఉండాది. హోల్డర్ కేబుల్‌కు మూడు చోట్ల టేపు. లగ్గు దగ్గర 0.01 ఓమ్ ఉన్నా 150 ఆంపియర్ల కాడ 225 వాట్లు ఆ ఒక్క బోల్టులోనే కాలిపోతాది. దాన్ని మార్చితేనే నీకు సగం కొత్త మిషన్ వచ్చినట్టు ఉంటాది.

మామ: ఇది నాకు ఇష్టమైన మాట. దీనికి డయోడ్లు కూడా అక్కర్లేదు.

అల్లుడు: చేసినాక డయోడ్లు అడిగేది నువ్వే.

నా అభిప్రాయం ఇక్కడ దాచను. ఇంట్లో మిషన్‌ను బాగుచేసుకోవాలనుకునే వారు డయోడ్లతో మొదలుపెట్టడం వెనక నుంచి మొదలుపెట్టడమే. ఎర్త్, ఆయిల్, కేబుళ్లు, హోల్డర్, 500 వోల్ట్‌ల మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష. ఇవి ముందు. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య 5 మెగా ఓమ్‌లకు తక్కువ చూపిస్తే ఆ మిషన్‌కు ఏ హంగులు పెట్టినా, 415 వోల్ట్‌లు ఏదో ఒక రోజు హోల్డర్ దాకా రావచ్చు. అప్పుడది వైండింగ్ షాపుకు పోవాల్సిన సరుకు.

మామ: ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. నువ్వు ఉండేది 30 కిలోమీటర్ల దూరం. సీజన్లో మిల్లు రాత్రీ పగలూ నడుస్తాది, నీకు తీరిక దొరకదు. ఇక్కడ డయోడ్ కాలితే నా పని ఆగుతాది. దుకాణంలో కొన్న ఇన్వర్టర్‌కైతే బిల్లు ఉంటాది.

అల్లుడు: బిల్లు ఉంటాది, వారంటీ తీరేదాకా. మా మిల్లులో చూస్తాండా గదా, పత్తి దూది, దుమ్ము కలిసి ప్రతి ఫ్యానుకూ కంబళి కట్టినట్టు పడతాది. నీ షెడ్డులో దూది లేకున్నా గ్రైండర్ ఇనుప పొడి ఉండాది. ఇన్వర్టర్ ఫ్యాను ఆ పొడిని లోపలికి పీల్చి బోర్డు మీద పరుస్తాది. బోర్డు మీది స్విచ్చుల్లో, అదే ఐజీబీటీల్లో, ఒకటి షార్ట్ అయితే పక్కవి కూడా పోతాయి. బోర్డు మొత్తం మార్చల్లంటారు. మన బ్రిడ్జిలో డయోడ్ పోతే మీటర్ పెట్టి చూసి, ఆ ఒక్కటి మార్చుకుంటావు.

మామ: మీటర్ పెట్టేకి నాకు తెలుసా?

అల్లుడు: నేర్పిస్తా.

మామ: నాకు నేర్పిస్తే చాలదు. నా తర్వాత ఈ షెడ్డులో కూర్చునేది ఎవరో తెలీదు. నువ్వు చేసిన మిషన్ కంపెనీ మిషన్ కాదు, దాని లోపల ఏముందో నీకొక్కనికే తెలుస్తాది. అది నాకు ఇష్టంల్యా.

చేత్తో మార్చిన మిషన్లన్నిటికీ ఉన్న అసలు లోపాన్ని మామ పట్టుకున్నాడు. మన ఊళ్లలో తెలివైన చేతులు తక్కువేం కాదు. ఆ చేతులు చేసిన పని కాగితం మీదికి రాదు, అంతే. చేసిన మనిషి సుగ్గి వలసకో బెంగళూరుకో పోతే, మిగిలిన మిషన్ ఎవరికీ అంతుబట్టక చివరికి రాగి ధరకు తూకానికి పోతుంది.

అల్లుడు: అయితే మూత లోపల బొమ్మ గీసి పెడతా. తెలుగులో. ఏ వైరు యాడికి పోతాది, డయోడ్ నంబరు, చోక్ చుట్లు, సందు ఎంత, ఆయిల్ మార్చిన తేదీ, అన్నీ పెయింటుతో రాస్తా.

మామ: రాయి. ఇన్వర్టర్ కూడా కొంటా, చిన్నది. బయటి పనికి అది, షెడ్డుకు ఇది. దానికి నువ్వు అడ్డం చెప్పొద్దు.

అల్లుడు: చెప్పను. నెలకొకసారి కరెంటు తీసి, దాని మూత విప్పి, బ్లోయర్‌తో దుమ్ము దులపల్ల.

మామ: దులుపుతా. నీ డయోడ్లకు డబ్బులు ఎప్పుడీయల్ల?

అల్లుడు: ఇప్పుడే వద్దు. ముందు ఆదివారం మిల్లు నుంచి మెగ్గర్ అడిగి తెస్తా. 5 మెగా ఓమ్‌లకు తగ్గకుండా చూపిస్తేనే అంగడికి పోదాం. చూపించకుంటే ఆ డబ్బు వైండింగ్‌కు పెట్టల్ల.